వేంపల్లె మీద నాలుగు వేల అడుగులు

ఓర్వకల్లు దగ్గర విమానం నడపడం నేర్పే స్కూల్లో నాది కుర్చీ ఉద్యోగం. పిల్లలు నడుపుతారు, సార్లు పక్కన కూర్చుని నేర్పుతారు. నేను నేల మీద గదిలో కూర్చుని ఏ దారిన పోవాలో, ఎంత ఎత్తున పోవాలో చూసి సంతకం పెడతాను. పేరు రాజేశ్వరి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలు వెనకాల అనుకుంటారు. అనుకోనీ. నా కోపం వల్ల ఇంతవరకు ఎవరూ పోయి కొండకు గుద్దుకోలేదు.

ఆస్మా సంగతి చెప్పేముందు ఈ ఎత్తు సంగతి చెప్పాలి. మ్యాపు మీద ఇక్కడి నుంచి పోవలసిన చోటికి ఒక గీత గీస్తాం. ఆ గీతకు అటు తొమ్మిది కిలోమీటర్లు, ఇటు తొమ్మిది కిలోమీటర్లు చూస్తాం. అంతమేరలో అన్నిటికంటే ఎత్తయినది ఏదుంటే అది, కొండ కానీ, సెల్ టవర్ కానీ, గాలిమర కానీ, దాని నెత్తి మీద ఇంకో వెయ్యి అడుగులు కలుపుతాం. విమానం అంతకంటే కిందికి రాకూడదు. అంతే లెక్క. ఆ ఎత్తు కూడా నేల నుంచి కాదు, సముద్రం నుంచి కొలుస్తాం. సముద్రం మొహం చూడకుండానే ముసలివాళ్ళయిపోయిన వాళ్ళు మా పక్క ఎంతమందో ఉన్నారు. అయినా మా కొండల ఎత్తంతా ఆ నీళ్ళ నుంచే.

దారిలో లేని కొండతో మాకేం పని మేడమ్ అని ప్రతి కొత్త బ్యాచిలోనూ ఒకడు అడుగుతాడు. గాలి నిన్ను అడిగి తోస్తుందా అంటాను. మబ్బు కమ్మితే, ఇంజను దగ్గితే, నీ బుర్ర ఇంకెక్కడో ఉంటే, గీత మీద నువ్వుంటావని ఏం నమ్మకం అంటాను. వాడు తల ఊపి కూర్చుంటాడు. అర్థమయి ఊపాడో, నా నోటికి జడిసి ఊపాడో నేను పట్టించుకోను.

ఆస్మా ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. అందుకే ఆ పిల్ల మీద నాకు మొదటి నుంచీ ఒక కన్ను ఉండేది. ఊరు కడప జిల్లా వేంపల్లె. తండ్రి ఇమాం బాషా దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. బజారులో చిన్న అంగడి, ఇంటి మిద్దె నిండా ఎప్పుడూ ఎండబోసిన దూది. రెండేళ్ళ కిందట ఆయన కూతురికి సంబంధం ఖాయం చేసి నలుగురిలో మాటిచ్చాడు. అదే నెలలో ఈ పిల్లకు సర్కారు సాయంతో మా స్కూల్లో సీటొచ్చింది. ఆ పెళ్ళి చేసుకోనని చెప్పి బ్యాగు సర్దుకుంది. నలుగురిలో నా తల తీసేసినావు, ఇంక నా గడప తొక్కద్దు అన్నాడట ఆయన. ఈమె కూడా ఆయన బిడ్డే కదా, తొక్కనంది. అంతే, తండ్రీకూతుళ్ళ మాట అక్కడితో ఆగింది. తల్లి షంషాద్ బీ మధ్యలో నలిగిపోయింది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది బాషా జేబులో ఉంటుంది.

రంజాన్ పండక్కి హాస్టల్లో అందరూ ఇండ్లకు పోతే ఈమె ఒక్కతే ఉండిపోయింది. చూడలేక కల్లూరులో మా ఇంటికి తీసుకుపోయాను. సేమ్యా పాయసం నేనే చేశాను. అది ఎట్లా కుదిరిందంటే, మా ఆయన రెండు చెంచాలు తిని నీళ్ళు తాగాడు. ఆస్మా మాత్రం గిన్నె అడుగు దాకా గీరి తిని, మా అమ్మ చేసినట్టే ఉండాది మేడమ్ అంది. పచ్చి అబద్ధం. వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను, ఆ పిల్ల ముందు ఏడవడం నాకిష్టం లేక.

లైసెన్సుకు ముందు పిల్లలు ఒంటరిగా ఒక దూరపు ప్రయాణం చేసి రావాలి. ఆస్మాకు ఆ రోజు వచ్చింది. అదయిపోతే పెద్ద విమానాలు నేర్చుకోను ఢిల్లీ పక్కకు పోతుంది, అక్కడినుంచి ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి. ఇంక మా ఆకాశంలోకి చిన్న విమానం వేసుకుని రావడమనేది ఉండదు. ఇక్కడినుంచి కడపకు పోయి రావాలి, మధ్యలో ఒక మలుపు పెట్టుకోవచ్చు. ఆ మలుపు ఎక్కడ పెట్టుకోవాలో పిల్లల ఇష్టం. ఆస్మా వేంపల్లె పెట్టుకుంది. పెట్టుకోక ఏం చేస్తుంది.

దారి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఎత్తు మూడు వేల అడుగులు అని రాసుంది. నాకు అనుమానమొచ్చింది. వేంపల్లె దాపునే తూర్పు దిక్కున గండి అనే చోట కొండలున్నాయి, వాటి మీద వెయ్యి కలిపితే నాలుగు వేలు రావాలి. మ్యాపు పరిచి స్కేలు పెట్టి చూశాను. పిల్ల గడుసుది. గీతను ఊరికి పడమర పక్కకు కొద్దిగా, కొండ తొమ్మిది కిలోమీటర్ల అవతల పడేంతవరకే జరిపింది. కాగితం మీద ఒక్క తప్పు లేదు. రూలు రాసినవాడు వచ్చి చూసినా సంతకం పెట్టి పోతాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరికి చూపిస్తున్నావు ఈ తెలివి అని కేకలేశాను. పక్క గదిలో సార్లు మాటలు ఆపారు. ఆస్మా తల దించుకోలేదు.

“మూడు వేలయితే మా మిద్దె తెలుస్తాది మేడమ్. మిద్దె మీద మా అమ్మ నిలబడితే మనిషని తెలుస్తాది. నాలుగు వేలకు పోతే అన్నీ అగ్గిపెట్టెలే. మా అమ్మను చూసి రెండేండ్లాయె” అంది.

“గాలి ఇప్పుడు పడమట నుంచి కొడతాంది. నువ్వు తల వంచుకోని మిద్దె ఎతుకుతాంటావు. అది నిన్ను కొండ దిక్కు తోస్తాంటాది. ఆ తొమ్మిది కిలోమీటర్లు ఎవరి కోసం పెట్టినారనుకున్నావు? కండ్లల్లో నీళ్ళు పెట్టుకోని నడిపే నీయట్లాంటి వాళ్ళ కోసమే పెట్టినారు.”

నేను ఆ గీత చెరిపేసి తిన్నగా వేంపల్లె నడినెత్తి మీదుగా ఇంకొకటి గీశాను. పక్కన నాలుగు వేలు అని రాశాను. ఇంటిమీదుగా పోవాలంటే ఇంత పైన పోవాలి, కిందగా పోవాలంటే ఇంటికి దూరంగా పోవాలి, రెండిట్లో నీకేది కావాలో చెప్పు అన్నాను. అట్లా అంటుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా అమ్మ ఎమ్మిగనూరులో జీవితమంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆమె పోయి శానా ఏండ్లయింది. ఆ ఇంటి మీదుగా పోతే ఎంత పైనుంచయినా సరే నేనూ తల వంచి చూసేదాన్నే.

ఆస్మా ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. చివరికి, “మా ఇంటి పైనే పోతా మేడమ్. కనపడకున్నా మా ఇంటి పైన పోయినానని ఉంటాది” అంది. నేను సంతకం పెట్టాను.

ఆ మరునాడు నా ఫోనుకు ఒక కొత్త నంబరు నుంచి కాల్ వచ్చింది. రెజీనా అని, వేంపల్లెలో ఆస్మావాళ్ళ పక్కింటామె, మిషను కుట్టే మనిషి. ఎప్పుడన్నా అవసరం పడుతుందని ఆస్మా ఆమెకు నా నంబరు ఇచ్చి పెట్టిందట, ఈ ప్రయాణం సంగతి కూడా ఫోన్ చేసి చెప్పిందట. పిల్ల విమానం మా ఊరి మీద వస్తుందంట కదా మేడమ్, వాళ్ళమ్మ మాట్లాడతాదంట అని ఫోను చేతికిచ్చింది.

షంషాద్ బీ గొంతు నేను అదే మొదట వినడం. పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చిన మనిషిలా రొప్పుతోంది. తన బిడ్డ ఏం చేస్తుందో తనకు ఇప్పటికీ సరిగ్గా తెలియదనీ, ఒక్కసారన్నా కంటితో చూస్తాననీ, ఏ పక్కనుంచి వస్తుందో చెప్పమనీ అడిగింది. గురువారం పొద్దున, ఎండ ముదిరేలోపల, ఉత్తరం దిక్కునుంచి వస్తుందని చెప్పాను. ముందు చప్పుడు వినపడుతుంది, తర్వాత తెల్లగా గద్దంత కనపడుతుంది అన్నాను. ఎంత పైన అంది. సముద్రం నుంచి నాలుగు వేల అడుగులన్నాను.

“సముద్రం మాకు శానా దూరం కదమ్మా” అంది ఆమె దిగులుగా.

మీ మిద్దె నుంచయితే ఇంకొంచెం తక్కువేలే అక్కా అని సర్దిచెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, మిద్దె మీద ఎర్ర పరుపు ఒకటి పరుస్తాననీ, ఎర్ర పరుపు ఉన్న మిద్దె మనదని ఆస్మాకు చెప్పమనీ అంది. ఎండాకాలం పరుపు ఎండకేస్తే ఆయనకు అనుమానం కూడా రాదంట. ఆ తెలివి కూతురికి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

ఆ మాట చెప్పినప్పుడు ఆస్మా మొహం చూడాల్సింది. నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను. గురువారం దాకా ఎవరేమన్నా ఊఁ అనడం తప్ప ఇంకో మాట లేదు ఆ పిల్ల నోట.

గురువారం పొద్దున్నే లేచి పోయింది. విమానం ఎక్కడుందో చూపించే తెర ముందు నేను కూర్చున్నాను. తెర మీద చిన్న పసుపు గుర్తు, పక్కన అంకెల్లో దాని ఎత్తు. బనగానపల్లె దాటింది, ప్రొద్దుటూరు పడమటగా దాటింది. నేను కాఫీ తెప్పించుకుని తాగడం మరిచిపోయాను. నాకు ఒకటే భయం. నా ముందు తల ఊపింది సరే, పైన పక్కన సారు లేడు, నేను లేను. కింద ఎర్ర పరుపు, దాని పక్కన తల్లి. చేతిలోని కడ్డీ కొంచెం ముందుకు నెడితే చాలు, విమానం కిందికి దిగుతుంది. రెండేళ్ళు తల్లిని చూడని బిడ్డను నాలుగు వేల మీద ఆగమని కాగితం మీద రాస్తే ఆగుతుందా? నేనయితే ఆగుతానా? ఆగనని నాకు తెలుసు. అందుకే ఆ అంకె మీది నుంచి కన్ను తీయలేదు.

గుర్తు వేంపల్లె మీదికొచ్చింది. నాలుగు వేలు. చుట్టు తిరగడం మొదలుపెట్టింది. అంకె మారింది, మూడు వేల తొమ్మిది వందలయింది. నేను కుర్చీలోంచి లేచాను. తల్లీ వద్దే, వద్దే అని తెరతో అన్నాను, గదిలో వాళ్ళు చూస్తున్నా. అంకె అక్కడే కాసేపు నిలబడింది. మళ్ళీ నాలుగు వేలయింది. ఇంకా మిగిలిన చుట్టంతా కదలకుండా నాలుగు వేలే. తర్వాత గుర్తు కడప దిక్కు తిరిగింది. నేను కూర్చుని ఆ చల్లారిన కాఫీ తాగాను. నా మాట వినింది కదా అని సంతోషం, ఎందుకు విన్నావే పిచ్చిదానా అని బాధ, రెండూ ఒకేసారి వచ్చాయి.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి దిగింది. దిగడం చక్కగా దిగింది, సార్లు మెచ్చుకున్నారు. నా గదిలోకి వచ్చి ఎదురుగా కూర్చుంది. కనపడిందా అని అడిగాను.

“వీధంతా ఎర్రగా ఉండాది మేడమ్” అంది. “ఒక్క మిద్దె కాదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా అన్ని మిద్దెల మీదా ఎర్ర పరుపులే. ఏది మాదో తెలీలే. ఒక చుట్టంతా తిరిగినా. కొంచెం కిందికి పోతే తెలుస్తాదేమో అనిపిచ్చింది, మీరు గుర్తొచ్చినారు. మా అమ్మ ఏ మిద్దె మీద నిలబడిందో కనుక్కోలేకపోయినా.”

అంతవరకు నిబ్బరంగా చెప్పి, బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరో కావాలనే చేసినారు మేడమ్ అంటుంది, మా నాయన మీద జాలితో నా మీద కోపంతో వీధివీధంతా చేసినారు అంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ దిక్కుమాలినవాళ్ళు చేశారో కడిగి పారేద్దామని రెజీనాకు ఫోన్ కలిపాను. ఆస్మా కూడా విననీ అని స్పీకర్ పెట్టాను.

నేను నోరు తెరవకముందే రెజీనా మొదలుపెట్టింది. పొద్దున షంషాద్ బీ ఎర్ర పరుపు పరుస్తుంటే, మరిచిపోయిన సూదులపెట్టె కోసం బాషా అంగడి నుంచి ఇంటికొచ్చాడట. ఎండకేసే పరుపు అంచులు సరిచేసి సరిచేసి ఎందుకు పరుస్తున్నావని అడిగాడట. ఆమె జడుసుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన మెట్ల మీదే నిలబడి ఆకాశం దిక్కు చూసి, ఎంత పైన అన్నాడట. నాలుగు వేల అడుగులంట అని ఆమె చెప్పింది. అంత పైనుంచి బిడ్డకు ఒక్క పరుపు యాడ కనపడతాది పిచ్చిదానా అన్నాడట. అని, అంగడికి పోయి ఉన్న ఎర్ర పరుపులన్నీ, ఒక పెండ్లివాళ్ళ కోసం కుట్టినవి కూడా, తోపుడుబండి మీద వేసుకుని వచ్చాడట. రెండేళ్ళుగా తలెత్తి మొహం చూడని వీధిలో ఇల్లిల్లూ తిరిగి, మా పిల్ల పైన పోతాండాది, మీ మిద్దె మీద ఒకటి పరచండి అని అడుక్కున్నాడట. కాదన్నవాళ్ళు లేరు. మారెన్న అనే ముసలాయన అయితే తన ఇంట్లో మంచం మీది పరుపు కూడా తెచ్చి వేశాడు. బాషా తన మిద్దె మీద నిలబడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఎండ కంట్లో కొట్టి చప్పుడే వినపడింది కానీ విమానం కనపడలేదు. అది పోయినాక కూడా శానాసేపు దిగలేదంట.

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆస్మా తల ఎత్తి ఫోను వైపే చూస్తోంది. ఏడుపు ఆగిపోయింది.

ఆయన ఈడనే ఉండాడు మేడమ్, ఇందాకట్నుంచి నా గడప కాడ నిలబడి ఉండాడు అంది రెజీనా. ఫోను చేతులు మారిన చప్పుడు వినపడింది. తర్వాత ఒక మగగొంతు, మెల్లగా.

“అమ్మా, మా పిల్లకు కనపడినామా?”

అబద్ధం చెప్పొచ్చు. పాయసం బాగుందని ఆ పిల్ల నాకు చెప్పలేదా. కానీ ఆస్మా ఎదురుగా ఉంది. “లేదన్నా. వీధంతా ఎర్రగా ఉండాది, మీ మిద్దె ఏదో తెలీలేదంట” అన్నాను.

తెలీలేదా అన్నాడు. తర్వాత, “నేనే చెరిపినా అయితే. ఒకటుంటే కనపడదనుకుంటి” అన్నాడు. ఇంకో దినం పంపండి, అన్నీ తీసేసి మాదొక్కటే పరుస్తా అని బతిమాలాడు. ఇంకో దినం లేదు, ఆ పిల్లకు ఇదే ఆఖరిది, వారంలో ఢిల్లీ పక్కకు పోతుందని చెప్పాను.

“ఆ పిల్ల ఇంకొంచెం కిందికి రాకూడదా అమ్మా? ఎవరు పెడతారు ఆ ఎత్తు?”

నా నోరు ఆగలేదు.

“నేనే పెట్టినా. కొండుంది కాబట్టి పెట్టినా. ఆకాశంలో ఎత్తు పెట్టింది నేను, నీ గడపకు పెట్టింది ఎవరు అన్నా? ఆడ ఏ కొండుందని పెట్టినావు? రెండేండ్లుగా నీ బిడ్డ నేల మీదనే ఉండాది. పరుపులు పరిచి ఆకాశం దిక్కు చూసే బదులు రమ్మని ఒక మాట అంటే బస్సెక్కి రాదా?”

అన్నాక నాకే భయమేసింది. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని ఇంత మాట అనేశానే అనుకున్నాను. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

“బిడ్డ నీ దగ్గర ఉండాదా?” అన్నాడు.

“ఎదురుగానే ఉండాది. అంతా వింటాంది.”

ఫోనును ఆస్మా ముందుకు జరిపాను. రేడియోలో గడగడా మాట్లాడే పిల్ల, తడబడకుండా ఎత్తులూ దిక్కులూ చెప్పే పిల్ల, నోరు తెరిచి మాట రాక అట్లాగే కూర్చుంది. రెండుసార్లు ప్రయత్నించింది. చివరికి వచ్చింది.

“మనిల్లు ఏదో నాకు తెలీలే నాయనా.”

“రేపు బస్సెక్కి రా. బస్టాండు కాడ నిలబడుకోని ఉంటా” అన్నాడు ఇమాం బాషా. “నేను తోడుకోని పోతాలే ఇంటికి.”